ఓనరు గారిని అడిగి చెప్తా

ఆ నాలుగు పోర్షన్ల ఇంటి ఓనరుకి బట్టతల అనీ, షుగరనీ, చొక్కా దులిపినా పైసా రాలదనీ పక్కింటి పిన్నిగారు చెప్పిందట.

చెప్పింది కింద పోర్షన్లో బట్టలు కుట్టే ఆవిడకి. ఆవిడ మిషను తొక్కడం ఆపకుండానే ఆ సంగతి పై పోర్షన్లో ఉండే ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెవిన వేసింది. ఆ అమ్మాయి ఆస్పత్రి నుంచి వస్తూ, మోటారు దగ్గర గొంతుక్కూచున్న మేనేజరుని పట్టుకుంది. కబురు ఇంత దూరం నడిచి వచ్చేసరికి ఓనరుకి రెండో పెళ్లాం కూడా తయారైంది.

"నిజమేనా మేనేజరు గారూ?"

"ఏదండీ?"

"రెండో ఆవిడ సంగతి."

మేనేజరు మోటారులో చెంబుడు నీళ్లు పోసి మూత బిగించాడు. "మొదటావిడ సంగతే నాకు తెలీదండీ."

"మరీ నోట్లో నాలుక లేని మనిషండీ మీరు. అలాంటివాడి దగ్గర ఎలా చేస్తున్నారో."

"అలవాటైపోయింది."

అందులో అబద్ధం లేదు. ఆ ఓనరుతో వేగడం అతనికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఓనరూ అతనే మరి.

అతను లిఫ్టు మెకానిక్కు. పొద్దున్న లేచింది మొదలు ఎవరెవరి బిల్డింగుల్లోనో చీకటి గొట్టాల్లాంటి షాఫ్టుల్లో వేలాడి, గ్రీజు కంపుతో ఇంటికొస్తాడు. ఏళ్ల తరబడి కూడబెట్టిందంతా తీసి, చాలనిదానికి బ్యాంకు లోను పెట్టి, ఈ పాత మేడ కొన్నాడు. కింద చిన్న పోర్షన్లో తనుంటాడు. మిగతా మూడూ అద్దెకిస్తాడు. ఆ అద్దెలే లోను కట్టేసుకుంటాయి. కాగితం మీద ఆ లెక్క ముత్యంలా ఉంది. కాగితం మీద మోటారు కాలిపోదు. స్లాబు కారదు. పైన బ్యాచిలర్లు సింకులో అన్నం పారబోసి, "నీళ్లు పోవట్లేదు బాస్" అని తలుపు కొట్టరు.

రెండు ఇళ్లు అద్దెకిచ్చి తలపండిన మేనమామ, రిజిస్ట్రేషన్ రోజునే ఉపదేశం చేశాడు.

"ఒరే, ఓనరువి నువ్వేనని ఎవడికీ చెప్పకు. మేనేజర్నని చెప్పు. ఎవరేం అడిగినా 'ఓనరు గారిని అడిగి చెప్తా' అను. మర్నాడు వచ్చి 'ఒప్పుకోలేదండీ, నేను చాలా చెప్పి చూశా' అను. తిట్లు వాడికి, మంచిపేరు నీకు."

"వాడెవడు మావయ్యా?"

"ఎవడో ఒకడు. లేనివాణ్ణి ఎంత తిడితే మనకేం?"

ఎదుటి మనిషి మొహం చూసి కాదు అనడం చిన్నప్పటి నుంచీ చేతకానివాడికి, ఈ మాట ఎండలో నీడ దొరికినట్టు అనిపించింది. అద్దెలన్నీ నోటిమాట మీదే మాట్లాడాడు. ఓనరు ఎక్కడో దూరంగా ఉంటాడన్నాడు. బట్టతలా షుగరూ పిన్నిగారి చలవ.

ఫిజియో అమ్మాయి పోర్షన్ చూడ్డానికి వచ్చిన రోజే గొడవ పెట్టుకుంది.

"ఇవి మెట్లా, నిచ్చెనా? కట్టినవాడు ఒక్కసారైనా ఎక్కాడా?"

"ఓనరు గారిని అడిగి చెప్తా."

"ఎక్కాడో లేదో కూడా అడగాలా?"

అయినా చేరింది. ఆస్పత్రికి దగ్గర, అద్దె అందుబాటు. ఆమెకి ఉన్నదల్లా అమ్మమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆస్పత్రిలో తుంటి విరిగినవాళ్లని నడిపించే మనవరాలు, ఇంట్లో కూడా మానదు. పొద్దున్నే మెట్ల కింద నిలబడి పాఠం చెప్తుంది.

"ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు నొప్పికాలు ముందు. అదీ అమ్మమ్మా, అంతే."

"రెండూ నొప్పికాళ్లే అయితే ఏది ముందే?" అంటుంది పెద్దావిడ.

మెట్లకి పట్టుకోడానికి ఏమీ లేదు. ఒకపక్క గోడ, రెండోపక్క గాలి. అందుకే ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది. "రెయిలింగు వేయించమనండి. అందంగా ఉండక్కర్లేదు. ఒక్క పైపు చాలు."

ఆ నెల్లోనే మోటారు కాలింది. అతని దగ్గర పైపు ముక్కకి కూడా డబ్బు లేదు. మర్నాడు మొహం వేలాడేసుకుని వెళ్లాడు. "ఒప్పుకోలేదండీ. నేను చాలా చెప్పి చూశా."

ఆమె అతని మొహం చూసింది. కళ్ల కింద నలుపు, చెవి పక్కన గ్రీజు మరక. "మీరేం చేస్తారు పాపం. ఉండండి, టీ పెడతా."

అదీ మొదటి టీ. తరవాత కిటికీ గొళ్లేనికి ఒకటి, బాత్రూం తలుపుకి ఒకటి. కాదన్నప్పుడల్లా టీ. ఇద్దరూ పైమెట్టు మీద కూచుని ఓనర్ని తిట్టుకుంటూ తాగేవాళ్లు. ఆమె తిడితే, అతను "అవునండీ" అనేవాడు. ఆ తిట్లలో చాలావరకు న్యాయమే అనిపించేది.

వానలు మొదలయ్యాక స్లాబు కారింది. అదీ సరిగ్గా పెద్దావిడ మంచం తలవైపు. అతను డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా ప్లాస్టిక్ పట్టా పట్టుకుని డాబా ఎక్కాడు. గాలికి పట్టా ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. వెనకనుంచి గొడుగు వచ్చింది.

"ఓనరు ఇంటికి మీరెందుకండీ తడవడం?"

"జీతం ఇస్తున్నాడు కదండీ."

"ఎంతిస్తాడేం?"

"ఏమీ మిగలదు."

ఆమె నవ్వింది. గొడుగు ఒకటే. అతని కుడిభుజం తడుస్తోంది, ఆమె ఎడమభుజం తడుస్తోంది. ఇద్దరిలో ఎవరూ దగ్గరికి జరగలేదు, దూరమూ జరగలేదు.

"మీరు సరిగ్గా పడుకుని ఎన్నాళ్లయింది?"

ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. బ్యాంకువాళ్లు అడగలేదు, మేనమామ అడగలేదు. "లిఫ్టులో అప్పుడప్పుడూ కునుకు తీస్తానండీ. పైనుంచి కిందకి వచ్చేలోపు."

"ఒకమాట చెప్తా, ఏమనుకోకండి. ఆ మనిషిని వదిలెయ్యండి. మీలాంటివాళ్లకి ఎక్కడైనా దొరుకుతుంది పని."

"మీలాంటివాళ్లంటే?"

"అంటే..." ఆమె గొడుగు పిడి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మీలాంటివాళ్లు. అంతే."

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్తే టీ పోతుంది. టీతోపాటు ఆ గొడుగూ పోతుంది. "జాగ్రత్తండీ, పాచి ఉంది" అన్నాడు.

ఆ పాచి డాబా మీదే కాదు, మెట్ల మీద కూడా పట్టింది. కొన్నాళ్లకి ఒక సాయంత్రం అతను గేటు తీసేసరికి పెద్దావిడ మెట్ల మధ్యలో కూలబడి ఉంది. మనవరాలు కింద మెట్టు మీద మోకాళ్ల మీద కూచుని మడమ ఒత్తుతోంది. జారిందట. విరగలేదు, వాచింది.

అతను పరుగున వెళ్లి ఎత్తబోయాడు.

"ముట్టుకోకు," అంది పెద్దావిడ. "నేనేం బియ్యం బస్తాని కాదు. కాసేపు ఇక్కడే ఉంటా. పైకీ రాను, కిందకీ రాను."

అమ్మాయి తలెత్తకుండానే అంది. "వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం మేనేజరు గారూ. వేరే ఇల్లు చూశా. లిఫ్టుంది."

ఆ లిఫ్టు ఎవరిదో, ఏ అంతస్తులో ఆగి మొరాయిస్తుందో కూడా అతనికి తెలుసు.

"అడ్వాన్సు మాత్రం మీ చేతులమీదుగా తీసుకోను. ఆయన్ని రమ్మనండి. అమ్మమ్మ కాలు చూపించి ఒక్కమాట అడిగి, అప్పుడు తీసుకుంటా. నెంబరివ్వండి, నేనే ఫోన్ చేస్తా."

అతను టూల్సు సంచీ దించి, వాళ్లకి రెండు మెట్ల కింద కూచున్నాడు. పొద్దంతా దున్నివచ్చిన ఎద్దు కాడి కింద నిలబడే నిద్రపోయినట్టుంది అతని వాలకం.

"ఫోన్ అక్కర్లేదండీ. వచ్చాడు."

ఆమె గేటు వైపు చూసింది. ఎవరూ లేరు. పక్కింటి గోడ మీద పిన్నిగారి తల తప్ప ఏమీ కనపడలేదు. మళ్లీ అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వా?"

'మీరు' అన్న మాట అక్కడితో పోయింది.

"నేనేనండీ."

"కాదన్నదీ నువ్వే. 'చాలా చెప్పి చూశా' అన్నదీ నువ్వే."

"డబ్బుల్లేవండీ. నిజంగానే లేవు."

"లేవని చెప్పొచ్చుగా. కరుస్తానా? మాకేమన్నా డబ్బులు చెట్టుకి కాస్తున్నాయా, లేమి అంటే తెలీకపోడానికి?" ఆమె గొంతు పెంచలేదు. అదే అతనికి కష్టంగా ఉంది. "నేను తిట్టినవాడు లేడు. నేను జాలిపడి టీ ఇచ్చినవాడూ లేడు. ఇక మిగిలినవాడెవడో నాకు తెలీదు. అమ్మమ్మా, లే. మంచికాలు ముందు."

ఈసారి పెద్దావిడ ఎదురు చెప్పకుండా లేచింది.

ఆ తరవాత పైనుంచి టీ రాలేదు. మోటారు వేస్తే నీళ్లు వచ్చాయి, ఒకటో తారీకున కుట్టుమిషన్ ఆవిడ చేత అద్దె వచ్చింది. అంతే. ఎదురుపడితే ఆ అమ్మాయి గోడవైపు ఒదిగి దారిచ్చేది. ఓనరుకి ఇవ్వాల్సినంత మర్యాద.

అతను పనిచేసే చోట ఒక పాత లిఫ్టు తీసేసి కొత్తది పెడుతున్నారు. పాత క్యాబిన్ తుక్కుకింద పోతోంది. అందులో లోపల మూడువైపులా జనం ఆనుకునే స్టీలు కమ్మీ ఉంది. ఎంతోమంది చేతులు పడి మెత్తగా మెరుస్తోంది. సూపర్‌వైజర్ని అడిగి, తుక్కు ధరకి కొనుక్కుని భుజాన వేసుకుని వచ్చాడు. సెలవురోజు పొద్దున్నే గోడకి కన్నాలు పెట్టడం మొదలెట్టాడు. బ్యాచిలర్లు లేచి తిట్టారు. ఈసారి తిట్లు నేరుగా అతనికే తగిలాయి. మధ్యాహ్నానికి మెట్ల పొడుగునా రెయిలింగు అమరింది. మెట్ల మీద పాచి గీకి, బ్లీచింగు చల్లి కడిగాడు.

తరవాత తన గదిలో గిన్నెలూ, పరుపూ వరండాలో పెట్టి, పైకి వెళ్లి తలుపు కొట్టాడు.

"కింద నా పోర్షన్ మీరు తీసుకోండి. నేను పైకొస్తా. చిన్నదే, కానీ మెట్లు లేవు. ఇది ముందే తోచాల్సింది, తోచలేదు." ఆగాడు. "వెళ్లిపోవాలనుకుంటే అడ్వాన్సు ఇచ్చేస్తా. కాకపోతే కాస్త టైమివ్వాలి. ఇప్పుడు నా దగ్గర లేదు."

అమ్మాయి అమ్మమ్మ వైపు చూసింది. పెద్దావిడ చెప్పులేసుకుంది. రెయిలింగు పట్టుకుని, ఊపి చూసి, నొప్పికాలు ముందు పెట్టి, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగింది. గదంతా కలియతిరిగింది. కుళాయి తిప్పింది, కిటికీ వేసి తీసింది.

"అగ్గిపెట్టెలా ఉంది," అంది. "పైదానికిచ్చే అద్దెలో సగమిస్తా."

మనవరాలు గుమ్మంలో నిలబడింది. పాత మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు.

"కుదరదండీ."

"ఓనరు గారన్నాడా?"

"నేనే అంటున్నా. చిన్న గది కాబట్టి కొంత తగ్గిస్తా. సగం అంటే లోను కట్టలేను."

చెవులు ఎర్రబడ్డాయి. ఏదో దొంగతనం చేసినవాడిలా నేలచూపులు చూశాడు. అమ్మాయి మొహం గోడవైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అతని ప్రాణం ఉసూరుమంది. కాదు, నవ్వుతోంది.

ఆ సాయంత్రం సామాన్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చడం పూర్తయ్యాక, అతను పై వరండాలో గోడకి జారగిలబడ్డాడు. ఇక నుంచి ఈ మెట్లు తనవే. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. టీ వచ్చింది.

"ఇది జాలిపడి ఇచ్చే టీ కాదు," అంది ఆమె.

"మరి?"

"నోరు తెరిచి కాదన్నావుగా. దానికి."

అతను ఒక గుక్క తాగాడు. "నెలాఖరుకి వెళ్తున్నారా?"

"ఓనరుగా అడుగుతున్నావా?"

"కాదండీ."

"మేనేజరుగానా?"

"కాదు."

"మరి ఎవరుగా?"

అతను ఆలోచించాడు. ఆలోచించే ఓపిక కూడా పెద్దగా లేదు. "కాళ్లు పీకుతున్న మనిషిగా. పొద్దున్న లేస్తే మీరు మెట్ల కింద పాఠం చెప్తుంటారు. అది వినపడకపోతే ఇంత అప్పు చేసి ఈ ఇల్లు ఎందుకు కొన్నానా అనిపిస్తుంది. ఇంకా అందంగా చెప్పాలని ఉంది. రావట్లేదు."

వాన వచ్చేలా ఉంది. ఆమె పక్కన కూచుంది. గొడుగు లేకుండానే ఈసారి కొంచెం దగ్గరగా.

"అలా వంగి కూచోకు, నడుం పట్టేస్తుంది. ఆ కాలు ఇలా చాపు."

చాపాడు.

"ఇంతకీ ఏమంటారు?"

"అమ్మమ్మని అడిగి చెప్తా," అంది.

అడిగింది. పెద్దావిడ ఏమందో అతనికి చెప్పలేదు గానీ, మీ పెద్దవాళ్లని రమ్మనమంది. అతనికి పెద్దవాళ్లంటే మేనమామే. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కింద గదిలో ఒకే ఒక కుర్చీలో కూచున్నాడు. ఎవరూ పిలవకుండానే పిన్నిగారు కూడా వచ్చి, ఓనరు జుట్టు వైపు పరీక్షగా చూసి, "నేను ముందే అనుకున్నా" అంది.

మాటలు సుఖంగానే సాగాయి. ఖర్చు వద్దన్నారు, ఆర్భాటం వద్దన్నారు. మేనమామ కప్పు కింద పెట్టి, గది నాలుగు గోడలూ కళ్లతోనే కొలిచాడు.

"ఇక పిల్ల ఎలాగూ పైకొచ్చేస్తుంది. పెద్దమ్మగారినీ పైకి తెచ్చేసుకుందాంరా, అందరూ ఒక్కచోట ఉంటారు. కమ్మీ కూడా వేయించావు. ఈ కింద పోర్షన్ ఖాళీ అయితే టు-లెట్ బోర్డు పెట్టామనుకో..."

మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్న పెద్దావిడ మేనమామ వైపు చూడను కూడా చూడలేదు.

"పిల్లనిస్తాను. గదివ్వను."