కుళాయి బాగుచేసే మనిషి

పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ మధ్యాహ్నం నగరంలో ఊరేగింపు ఉందట, ఈలోగా చెల్లెల్ని చూసిపోదామని. అతని గొంతు వినగానే ఆమె గబగబా కిటికీ మూసేసింది.

ఆమె భయం ఊరికే రాలేదు. కింద ఉండే ఓనరమ్మ, ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్న ఆ ప్రాంతం వాళ్ళకి ఇల్లిచ్చేది లేదని మొహమాటం లేకుండా చెప్పే మనిషి. అందుకే అద్దెకు దిగినప్పుడు ఆమె సొంత ఊరి పేరు దాచింది, మెల్లగా యాసా మార్చుకుంది. భర్త కూడా పోనిద్దూ అని ఊరుకున్నాడు. ఒకసారి దాచాక దాస్తూనే ఉండాలి కదా!

అన్నయ్య బడిపంతులు. వాళ్ళ బడిలో పిల్లలు నేలమీదే కూర్చుంటారనీ, నది ఊరి పక్కనే పారుతున్నా ఆ నీళ్ళన్నీ ఈ నగరానికే వస్తాయనీ చెబుతుండగా ఓనరమ్మ పైకొచ్చింది. ఎవరీయన అని అడిగింది.

"కుళాయి బాగుచేయడానికి వచ్చాడండీ," అంది ఆమె.

ఆ ప్రాంతం వాళ్ళకి ఈ నగరంలో దొరికేవి అలాంటి పనులే గనక, అతని యాస విన్న ఓనరమ్మ ఇట్టే నమ్మింది.

అన్నయ్య ఒక్క క్షణం చెల్లెలి వంక చూశాడు. చొక్కా చేతులు మడిచి లేచాడు.

"కుళాయి ఎక్కడుంది అమ్మగారూ?" అన్నాడు చెల్లెలితో, చిన్నప్పుడు ఆమెను వీపున మోసి తిప్పిన మనిషి.

భర్త పానా తెచ్చి, ముఖం చూడకుండా చేతికిచ్చాడు. బాగానే ఉన్న కుళాయిని అన్నయ్య విప్పి మళ్ళీ బిగించాడు. కింద తమ కుళాయి కూడా చూసిపొమ్మని చెప్పి ఓనరమ్మ దిగిపోయింది.

"ఇల్లు పోతుందని భయమేసింది అన్నయ్యా," అంది ఆమె తలెత్తలేక.

"తెలుసమ్మా. మన ఊరి పేరు చెప్పుకోవడానికి మనవాళ్ళు భయపడకూడదనే ఈ ఊరేగింపు. అది ముందు మీ ఇంటికే రావలసింది." సంచి భుజాన వేసుకున్నాడు. "కింద కుళాయి కూడా చూసి వెళ్తాలే. లేకపోతే ఆవిడకి అనుమానం వస్తుంది."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. అతను దిగిన కాసేపటికి తనూ మెట్లు దిగి, ఓనరమ్మ వంటింట్లో వంగి ఉన్న అన్నయ్య చేతిలోంచి పానా లాక్కుంది.

"ఈయన మా అన్నయ్యండీ. మాదీ ఆ ప్రాంతమే. ఖాళీ చేయమంటే చేస్తాం."

ఓనరమ్మ ఏదో అంది, ఆమె చెవికెక్కలేదు. ఎందుకే ఇదంతా అంటూ అన్నయ్య గబుక్కున లేచాడు. ఇన్నేళ్ళూ దాచింది ఊరి పేరొక్కటే అనుకుంది. దాంతోపాటు కన్నవాళ్ళనీ, తోడబుట్టినవాణ్ణీ దాచేసిందని ఇప్పుడు తెలిసి, అన్నయ్య తడి చేతులు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.