ఒంటిగది ఇంటి దీపం

“మళ్లీ పోయింది!”

ముద్ద నోటి దాకా వెళ్లకముందే దీపం ఆరిపోయింది. కోడలు తడుముకుంటూ లేచి కొవ్వొత్తి వెలిగించింది. ఆ వెలుగులో భర్త ముఖం చూసింది... ఎప్పుడూ నవ్వే మనిషి, నుదురు చిట్లించుకుని కూర్చున్నాడు!

“నీ కుట్టుమిషను మోటారే! బ్యాటరీ అంతా అదే తాగేస్తోంది.”

“నిన్నంతా మోటారు వెయ్యనే లేదండీ...”

“మరెవరు తాగుతున్నారు? గోడలా?”

అత్తగారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, “పోనీలేరా చిన్నోడా, తినే కంచం ముందు తగువెందుకు?” అంది మెల్లగా.

భర్త బస్సుల షెడ్డులో మెకానిక్. ఊరి చివర, కరెంటు తీగ ఇంకా రాని చోట, సెలవు రోజుల్లో తన చేతులతో కట్టుకున్న ఇల్లది. వంటిల్లు, పడకగది, కుట్టు గది అన్నీ ఆ ఒక్క గదే! ఇంటి వెనక ఇనుప స్టాండు మీద సోలార్ పలకను వాలుగా బిగించాడు. అక్కడి నుంచి గోడ మీది చిన్న పెట్టెకి తీగ లాగాడు. అందులో పచ్చదీపం వెలిగితే బ్యాటరీ నిండుతున్నట్టు. రెండు బల్బులు, ఒక ఫ్యాను... వాటికన్నా ముందు, భార్య మోకాలి నొప్పి చూడలేక, ఆమె కుట్టుమిషనుకి మోటారు! మొదటిసారి పెడల్ తొక్కకుండా మిషను గిర్రున తిరిగినప్పుడు ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆ సంతోషం చూడటానికే వచ్చిన అత్తగారు తిరిగి వెళ్లనంది. పెద్దకొడుకుది పెద్ద మేడ. అక్కడ ఆవిడకో గది, ఆ గదికో టీవీ, ఆ టీవీకి ఆవిడే కుట్టిన గుడ్డ గలీబు. పలకరించే మనిషే కరువు! “నాకు గదులొద్దురా, మాటలు కావాలి” అని ఇక్కడే ఉండిపోయింది. అత్తాకోడళ్లు ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఈ ఇద్దరూ ఒకే దుప్పటి కింద కబుర్లు చెప్పుకుంటూ నిద్రపోయేవాళ్లు. కోడలికి చిన్నప్పుడే తల్లి పోయింది... ఇన్నేళ్లకు దొరికిన అమ్మ ఆవిడ!

దీపం సంగతి ఎలా తెలిసిందో పెద్దకొడుకు తమ్ముడికి ఫోన్ చేశాడు. “ఆదివారం సాయంత్రం వస్తున్నా. దీపం నిలిస్తే సరే. లేదంటే అమ్మని తీసుకుపోతా. చీకట్లో పడితే ఎవడురా దిక్కు?”

తప్పు పట్టడానికి లేని మాట. అందుకే ఎక్కువ నొప్పించింది.

భర్త తీగలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. పొద్దున్నే చూస్తే పచ్చదీపం చక్కగా వెలుగుతోంది, సాయంత్రానికి బ్యాటరీ నీరసం! కోడలు మోటారు విప్పి అటక మీద పెట్టేసి, సాయంత్రాలు పళ్లబిగువున పెడల్ తొక్కింది. అయినా దీపం నిలవలేదు.

శనివారం, ఆమె రోజూ పగలు కుట్టుపనికి వెళ్లే దుకాణం త్వరగా మూసేశారు. మండుటెండలో ఇంటికి వచ్చి, పలక మీద ఆకులేమైనా పడ్డాయేమోనని వెనక్కి వెళ్లింది. వెళ్లి కొయ్యబారిపోయింది!

పలక నిండా పూలు! పాత పూల దుప్పటితో గలీబు కుట్టి, నాలుగు మూలలా నాడాలు కట్టి, అంచుకి కుచ్చులు కూడా పెట్టి... పక్కనే నీడలో అత్తగారు, కాపలాకి కూర్చున్నట్టు!

“వచ్చావా అమ్మాయ్? చూడు, మీరలా వెళ్లగానే కప్పేస్తాను. ముట్టుకుంటే చెయ్యి కాలిపోతోందమ్మా, మాడిపోదూ? సాయంత్రం దీపాలవేళకి తీసేస్తే సరిపోతుందిగా!”

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు నిండాయి. నాడాలు విప్పుతూ, “అత్తయ్యా... దీనికి ఎండే అన్నం. మనం రోజూ పస్తు పెడుతున్నాం” అంది.

ఆవిడ ముఖం పాలిపోయింది. “అయితే... నా చేతులతో నేనే...! చిన్నోడికి చెప్పకే తల్లీ! ముసలిదాన్ని పంపించెయ్యమంటాడు పెద్దోడు!”

“చెప్పను. ఒట్టు.”

ఆదివారం సాయంత్రం పెద్దకొడుకు కారు దిగేసరికి రెండు బల్బులూ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. చీకటి బాగా చిక్కబడ్డా ఆరలేదు!

“నిన్నటిదాకా లేని బుద్ధి దీనికి ఇవాళ ఎక్కడినుంచి వచ్చింది?” అన్నాడు భర్త ఆశ్చర్యంగా.

“తప్పు నాదేనండీ...” కోడలు తల దించుకుంది. “రోజూ తడిబట్టలు దాని మీదే ఆరేశాను.”

“సోలార్ పలక మీద బట్టలా! చదువుకున్నదానివే కదమ్మా?” బావగారు పకపకా నవ్వాడు. భర్త నవ్వలేదు. “నేను తీగలన్నీ పీకి చస్తుంటే ఒక్కమాట చెప్పలేకపోయావా?” అన్నాడు. ఆమె పెదవి కొరుక్కుంది. కన్నీటి చుక్క ఒకటి జారి పడింది.

అంతే! మంచం మీంచి అత్తగారు విసురుగా లేచింది. దిండు కిందినుంచి పూల గలీబు లాగి ఇద్దరు కొడుకుల మధ్యా పడేసింది.

“బట్టలూ కాదు, కోడలూ కాదు! కప్పింది నేను! ఆ పలక పాడైతే నన్ను తీసుకుపోతావని మొదట్నుంచీ భయంరా పెద్దోడా... అందుకే కంటికి రెప్పలా కాచాను. నా తప్పు నెత్తిన వేసుకుని ఈ పిల్ల మాటలు పడుతుంటే చూస్తూ ఎలా కూర్చోను!”

పెద్దకొడుకు గలీబు చేతిలోకి తీసుకుని కుచ్చుల మీద వేళ్లు ఆడించాడు. చిన్నప్పుడు తన బడిసంచికీ ఇవే కుచ్చులు... “నా ఇంట్లో నీకు అంత కష్టమైందా అమ్మా?” అన్నాడు.

“కష్టం కాదురా, తోచక! నువ్వు వచ్చి పో, చాలు.”

భర్త అటక మీంచి మోటారు దించాడు. మిషనుకి బిగించి, బెల్టు సరిచేసి, భార్య వైపు చూశాడు. “తొక్కింది చాలు. ఇక కూర్చుని కుట్టు... నా నోరు ఊరుకోదు, నువ్వు మనసులో పెట్టుకోకు” అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని స్విచ్ నొక్కింది. మిషను గిర్రున తిరిగింది!

“ఆ గలీబు పారెయ్యకమ్మా,” అన్నాడతను తల్లితో. “వడగళ్ల వాన పడితే కప్పుదువుగాని. ఎండ ఉన్నంతసేపు మాత్రం దాని జోలికి వెళ్లకు తల్లీ!” అందరూ నవ్వేశారు, అందరికన్నా గట్టిగా ఆవిడే.

వెళ్లబోతూ పెద్దకొడుకు గుమ్మంలో ఆగాడు. “అమ్మా... నా కారు కూడా ఎండలోనే ఉంటోంది. ఒక గలీబు కుడతావా?”

ఆవిడ కోడలి మెడలోని టేపు అందుకుంది. కిటికీలోంచి పడుతున్న వెలుగులో కారు చుట్టూ తిరుగుతూ కొలతలు తీసింది. కోడలు రెండో కొస పట్టుకుంది.

“పెద్ద పనిరా ఇది. తొందరపెట్టకు,” అంది అత్తగారు. “కుచ్చులతో సహా కుట్టాలంటే, నేనిక్కడ చాలా కాలమే ఉండాలి!”