రెక్కల లాంచీ

"ఏట్లోకి తిప్పరా!"

వెంకటప్పయ్య పిస్టల్ లాంచీ నడిపే హాతీరాం మెడకి గుచ్చుకుంటోంది.

వరద గోదావరి. వాన. చీకటి పడుతోంది... లాంచీ మీద మనిషెత్తున దొంగ టేకు దుంగలు! ఒడ్డున ఫారెస్ట్ జీపు వెంటపడుతోంది. గార్డుల చేతుల్లో తుపాకులున్నాయి. కానీ కాల్చలేరు.

దుంగల పక్కన, కాళ్లూ చేతులూ కట్టేసి వాళ్ల మనిషే పడున్నాడు. గార్డు హీరాలాల్.

హాతీరాంకి సొంత తమ్ముడు!

"దొరా... ఆణ్ణి ఇడిసిపెట్టు. నీ కాల్మొక్త."

"నోర్ముయ్! నడి ఏట్లో తోసేస్తా వాణ్ణి."

ఇంత వరదలో ఇంత బరువు ఎవడైనా ఎక్కిస్తాడా? వెంకటప్పయ్య ఎక్కించాడు. అంతా ఆ రెక్కల మీద గుడ్డి నమ్మకం! లాంచీ అడుగున అటొకటి, ఇటొకటి ఇనప రెక్కలు. కాకినాడ మెకానిక్ బిగించాడు. పడవ ఒరగబోతే చాలు, రెక్కలు తిరిగి నీటిని నొక్కుతాయి. పడవని నిలబెడతాయి.

కానీ పరుగులో ఉంటేనే! ఆగితే అవి ఉత్త రేకులు. ఆ ముక్క వెంకటప్పయ్య చెవికెక్కలేదు.

హాతీరాం ఇంజన్ ఆపేస్తాడు!

లాంచీ ఎడమకి ఒరుగుతుంది. కుడికి... ఇంకా కుడికి!

వెంకటప్పయ్య బోర్లా పడతాడు.

"ఏం చేశావురా!"

ఢాం! గుండు ఆకాశంలోకి పోయింది. ఢాం! నీళ్లలోకి. నిలబడితే కదా, గురి కుదిరేది! చావు వెధవా, అనుకుంటాడు హాతీరాం కసిగా.

ఫట్!

దుంగల గొలుసు తెగింది. ఒక దుంగ హీరాలాల్ తల పక్కనుంచే దొర్లి ఏట్లో పడింది. ఇంకోటి సరిగ్గా వాడి మీదికే ఊగుతోంది...

"అన్నా! ఇంజన్ మల్ల చాలూ జెయ్యే! జల్దీ! సస్త నే!"

ఇంజన్ వేస్తే పడవ నిలబడుతుంది.

వెంకటప్పయ్య కూడా నిలబడతాడు.

హాతీరాంకి ఏడుపొస్తుంది. బతకాలని ఉంది!

"భయపడకు తమ్మీ... చేస్తున్న."

బటన్ నొక్కి, చక్రాన్ని ఒడ్డు వైపు తిప్పేస్తాడు. లాంచీ వేగం అందుకుంటుంది. రెక్కలు నీటిని పట్టుకుంటాయి. ఊపు ఆగింది. దుంగ ఆగింది!

ఢాం!

వీపులో నిప్పు. హాతీరాం చక్రం మీద వాలిపోతాడు.

"ఇప్పుడు నీ తమ్ముడు!"

వెంకటప్పయ్య హీరాలాల్ వైపు తిరుగుతాడు. కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడతాడు. తూలడం లేదు. లాంచీ ఒడ్డు దగ్గరికి వచ్చేసింది. జీపు లైట్లు నేరుగా వాడి ఛాతీ మీద పడుతున్నాయి.

ఒడ్డునున్న గార్డులకి ఇప్పుడు గురి కుదిరింది.

ఢాం!