టీ కొట్టు దగ్గర ఆగిన అద్దం

"ఏమండీ, చిట్టి వాళ్లింటికి వెళ్తున్నా. కర్టెన్లకి కొలతలు తీయాలి. మీరూ రాకూడదూ?"

"నువ్వెళ్లిరా. నాకు పనుంది."

ఆయనకి పనేమీ లేదని టైలరమ్మకి తెలుసు. రిటైరైన బస్సు డ్రైవరుకి పొద్దున్నే పనేముంటుంది, పేపరు మడత విప్పడం, మళ్లీ మడవడం తప్ప! అయినా ఆవిడ రెట్టించలేదు. టీ పెట్టి ఒక్క గ్లాసులోనే పోసుకుంది. ఆయన వేణ్నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు.

ఒకప్పుడు రోజుకి అరడజను టీలు తాగిన మనిషి. మానేయడానికి కారణం ఒక అద్దం.

ఆ అద్దం టైలరమ్మ కుట్టుషాపుది. నిలువెత్తుది, టేకు ఫ్రేముది. కుట్టించుకున్న ప్రతి మనిషీ దాని ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకున్నవాళ్లే. ఈయన కూడా మొట్టమొదట యూనిఫాం కుట్టించుకోవడానికే వచ్చాడు. భుజం కొలత తీస్తుంటే తల తిప్పకుండా అద్దంలోంచే ఆవిడని చూశాడు. వెనక ఏముందో అద్దంలో చూసుకోవడం డ్రైవరుకి అలవాటే కదా! ఆ తర్వాత అవసరం ఉన్నా లేకపోయినా చొక్కాలు కుట్టించుకున్నాడు. ఆవిడ షాపు నడిపినన్నాళ్లూ ఆ అద్దానికి తడిగుడ్డ తగలనివ్వలేదు. పొడిగుడ్డతో తుడిచి, కొన్ననాటిలాగే మెరిపించింది.

మోకాళ్లు మొరాయించి షాపు మూసేస్తుంటే, "అద్దం నాకివ్వమ్మా, నా హాల్లో పెట్టుకుంటా" అని కూతురు చిట్టి అడిగింది. ఇళ్ల గోడలు అలంకరించడం చిట్టి వృత్తి. పాత అద్దాలంటే పిచ్చి. తల్లి సంతోషంగా ఇచ్చింది. వాన్ తనే నడుపుతానన్నాడు తండ్రి. దారిలో టీ కోసం ఆగాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపే వాన దంచికొట్టింది, పైన కప్పిన పట్టా జారిపోయింది. దింపి తుడిస్తే అద్దం బాగానే ఉంది. కానీ కొన్నాళ్ల తర్వాత టైలరమ్మ వెళ్లి చూసేసరికి, అంచుల నిండా నల్లటి మచ్చలు.

"వాన నీళ్లు వెనక్కి దిగాయేమోనమ్మా," అంది చిట్టి.

టైలరమ్మ ఇంటికొచ్చి మొగుణ్ణి దులిపేసింది. "ఒక్క గ్లాసు టీ తాగకపోతే ప్రాణం పోయేదా?" ఆయన చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ రోజు నుంచి టీ ముట్టలేదు, కూతురి గడప తొక్కలేదు. కోపం చల్లారినా ఆవిడ మాత్రం అప్పుడప్పుడూ ఆ మాట ఎత్తుతూనే ఉంది.

*

చిట్టి హాల్లో గోడ నిండా అద్దాలే. గుండ్రటివి, కోలగా ఉన్నవి, పూలూ లతలూ చెక్కిన ఫ్రేములవి. కిటికీకి ఎదురుగా ఉండటంతో చిన్న గది రెండింతలైనట్టు కనిపిస్తోంది. మధ్యలో టైలరమ్మ అద్దం. ఆవిడ దానివైపు చూడకుండా, టేపు పట్టుకుని కూతురి కోసం వెనక వరండాలోకి నడిచింది.

చిట్టి చేతులకి రబ్బరు తొడుగులు, ముఖానికి మాస్కు. బల్ల మీద కొత్త అద్దం ఒకటి బోర్లా ఉంది. వెనకవైపు పూత అక్కడక్కడా గీకేసి ఉంది. చిట్టి స్పాంజితో ఏదో అద్దుతోంది.

"ఏమిటే ఈ కంపు?"

"యాసిడ్ అమ్మా, దగ్గరికి రాకు. దీన్ని పాత అద్దంలా చేస్తున్నా. ఇప్పుడు మచ్చలుంటేనే అందం. అంచుల్లో ఎక్కువ వేయాలి, మధ్యలోకి పోను పోను తగ్గించాలి." పని బాగా కుదిరిన సంబరంలో అద్దం తిప్పి చూపించింది.

టైలరమ్మ చూసింది. కుట్టు చూసి అది ఎవరి చేతిదో చెప్పగల మనిషి ఆవిడ. వెనక్కి తిరిగి హాల్లోకి వెళ్లింది. తన అద్దం ముందు నిలబడింది. నాలుగు మూలలా అవే మచ్చలు, అదే కుదురు, అదే చెయ్యి.

వెనకే పరుగెత్తుకొచ్చిన చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వానకి నాలుగు మూలలూ కొలిచినట్టు తడుస్తాయటే?"

"అమ్మా... అదీ..."

"నువ్వే చేశావు కదూ?"

చిట్టి తల దించుకుంది. "గోడ మీద అన్నీ మచ్చలున్నవే. నీదొక్కటే నిన్న కొన్నట్టు మెరుస్తూ ఉండేది. ఫోటోలు తీస్తే అతకడం లేదు. కొంచెమే చేద్దామనుకున్నా. చెయ్యి దాటిపోయింది."

"నా పెళ్లికంటే ముందుది అది! దాన్ని పాతది చేశావా? అది ముసలిదని నీకు కనపడాలంటే ముఖం మీద మచ్చలుండాలా? అయితే ఆ సీసా ఇటు తే, నా ముఖానికీ కాస్త రాయి!"

"తప్పయిందమ్మా. నువ్వొచ్చి చూసి ఏడుస్తుంటే భయమేసింది. వాన వల్లేమోననేశాను. తర్వాత ఫోన్లో నాన్నే, తను టీకి ఆగకుండా ఉండాల్సిందన్నారు. నేను... ఊరుకున్నాను."

టైలరమ్మ సోఫాలో కూలబడింది. అద్దం పోయినందుకు అప్పుడే ఏడ్చేసింది. ఇప్పుడు గుండెల్లో మండుతున్నది వేరే. కడుపున పుట్టిన పిల్ల చెప్పిన అబద్ధాన్ని నమ్మి, నోట్లో నాలుక లేని మొగుణ్ణి నానా మాటలూ అంది. ఆయన వేణ్నీళ్లు తాగుతుంటే ఎదురుగా కూర్చుని తను టీ తాగింది. చిట్టికి అదంతా తెలుసు. తెలిసి కూడా, ఫోన్ చేసినప్పుడల్లా "నాన్న రావడం లేదేంటమ్మా?" అని ఏమీ ఎరగనట్టు అడిగింది.

"లే. చెప్పులేసుకో."

"నువ్వే చెప్పమ్మా నాన్నకి. నాకు ముఖం చెల్లదు."

"నేను ఆయన్ని ఎన్ని అన్నానో నాకు తెలుసు. నా ముఖం మాత్రం చెల్లుతుందా? నడు."

*

ఆయన పేపరు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు. చిట్టి చెప్పడం అయిపోయాక దాన్ని మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే, వానకి కాదా?"

"కాదు నాన్నా."

"నేను టీకి ఆగినందుకు కాదా?"

"కాదు నాన్నా. నేనే."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. తిడతాడని బిక్కచచ్చి నిలబడ్డ కూతురి ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదు తల్లీ, సర్వీసు మొత్తంలో. ఇంటి అద్దం దగ్గర చెయ్యి జారిందని మీ అమ్మ ముఖం సరిగ్గా చూడలేకపోయాను. అందులోనే కదా నేను మీ అమ్మని మొదట చూసింది!"

చిట్టి ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన చెయ్యి అలవాటుగా దాని తల వైపు వెళ్లి, మధ్యలో ఆగింది.

"చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి, మర్చిపోయేవాణ్ణి. ఊరుకున్నావు చూడూ..." కాసేపటికి చెయ్యి దాని తల మీద వాలింది కానీ, ఎప్పటిలా నిమరలేదు.

టైలరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నన్ను కూడా ఏమైనా అనండి," అంది.

"నిన్నేమంటానే. అద్దం తెచ్చేసుకుందాం. వాన్ నేనే నడుపుతా."

*

మర్నాడు అద్దాన్ని దుప్పట్లో చుట్టి వాన్‌లోకి ఎక్కించారు. చిట్టి వెనక కూర్చుని రెండు చేతులా పట్టుకుంది. అమ్మ తనని మళ్లీ ఎప్పుడు నమ్ముతుందో చిట్టికి తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

దారిలో టీ కొట్టు వచ్చింది. ఆయన అటు చూడకుండా స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. మబ్బు పట్టి ఉంది.

"ఆపండి," అంది టైలరమ్మ.

"వానొచ్చేలా ఉందే."

"రానివ్వండి."

ఆవిడే దిగి వెళ్లి మూడు గ్లాసులు తెచ్చింది. మొదటిది ఆయనకిచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు ఆవిరి మాత్రమే చూశాడు. తర్వాత ఒక గుక్క తాగాడు.

"చక్కెర ఎక్కువేశాడు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోటి చెప్పు."