ముందే రాసిన రీడింగులు

సూర్యాపేటలో నేను పనిచేసే ప్రైవేటు దవాఖానలో రెండో అంతస్తుకు నలుగురు నర్సులుండాలి. ఆ వారం నేనొక్కదాన్నే. ఇద్దరు మానేశారు, ఒకామె కాన్పుకెళ్లింది. వాళ్ల బదులు ఎవరినీ తీసుకోలేదు. ఇరవై ఆరు మంచాలు. పగటి డ్యూటీ దిగబోతుంటే, "జర ఈ ఒక్క రాత్రి సూడు నీరజా" అన్నారు ఆఫీసువాళ్లు. ఆ ఒక్క రాత్రి అప్పటికి మూడోది.

ఇంత పనిలో మాకొక అలవాటుంది. రెండు గంటలకోసారి ప్రతి రోగికీ బీపీ, నాడి చూసి చార్టులో రాయాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అందుకే రాత్రి పదింటికి ఒకసారి చూసి, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు గంటల గళ్లు కూడా అప్పుడే నింపేస్తాం. తప్పే. తెలుసు. లేని నర్సుల జీతం మిగుల్చుకునేవాళ్లకు లేని సిగ్గు నాకెందుకని నింపేదాన్ని.

తొమ్మిదో మంచం మీద ద్వాళి అనే ముసలామె ఉంది. పెన్‌పహాడ్ దగ్గరి తండా. ఊపిరితిత్తుల్లో నిమ్ము. కొడుకు మంగ్త్యా ఒక ఎకరం అమ్మి అప్పటిదాకా బిల్లు కట్టాడు. ఇంకో ఎకరమే మిగిలింది.

"సిస్టర్, పొద్దుగాల చార్టు సూస్త," అన్నాడు ఆ రాత్రి. "మా యాడి నిలబడేటట్టుంటే ఆ ఎకరం గూడ ఇచ్చేస్త. లేకుంటే తండాకు తీస్కపోత. పిల్లలకు గదొక్కటే ఆధారం."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. సరేనని, ఆమె గళ్లు కూడా నింపేశాను. బీపీ 120/80. నాడి 84.

రెండున్నరకు సెలైన్ మార్చడానికి వెళ్లాను. ఫినాయిలు వాసన అడుగున ఇంకేదో తియ్యటి వాసన. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ద్వాళి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది... కట్టెలా బిగుసుకుపోయింది. ఛాతీ కదలడం లేదు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఎప్పుడో పోయింది. పన్నెండింటికి నేను వచ్చి ఉంటే...

మానిటర్ చెడిపోయి నెలైంది, బిల్లులో మాత్రం దాని చార్జి రోజూ పడుతోంది. బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాను. చెవుల్లో దబ్... దబ్... 120/80. వేలికి నాడి చూపే క్లిప్పు పెట్టాను. 84. తీసి మళ్లీ పెట్టాను. 84. ముక్కు దగ్గర చెయ్యి పెడితే ఊపిరి లేదు. నేను రాసిందే ఆ శవం నాకు చూపిస్తోంది.

డాక్టర్ కృపాకర్‌కు ఫోన్ చేశాను. ఇంట్లో నిద్రలోంచి లేచి ఎత్తారు.

"సార్... ద్వాళి పోయింది."

"బీపీ ఎంత?"

"నూట ఇరవై, ఎనభై. కానీ సార్..."

"మరి పోయిందంటవేంది? నువ్వే నిద్రల ఉన్నవ్. ఇంకో రెండు రోజులు ఉంచాలని రాయి."

నాలుగింటికి చూశాను. 120/80. అయిదున్నరకు చూశాను. అంతే. చెయ్యి మాత్రం ఇంకా చల్లబడింది. మిగతా మంచాల దగ్గరికి వెళ్లానో లేదో నాకు గుర్తు లేదు.

తెల్లవారుతుండగా మంగ్త్యా వచ్చాడు. చార్టు చూశాడు. వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"అన్నా, గవి నేను రాత్రి పదింటికే రాసిన. అబద్ధం. మీ యాడి లేదు. పొలం అమ్మకు."

అతనికి అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కెళ్లాను. ఆ చేతిని ద్వాళి చేతి మీద పెట్టాను.

చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"వెచ్చగనే ఉంది గద సిస్టర్..." నా వైపు జాలిగా చూశాడు. "మీ చెయ్యే సల్లగుంది."

ఫోను తీస్తూ బయటికి నడిచాడు. "కైలాసం సేటూ, ఎకరం ఇచ్చేస్త, పైసలు పట్కరా..." ఆ గొంతు మెట్లు దిగిపోయింది. నేను ఆపలేదు. కదలడానికి కూడా బలం లేదు.

అప్పుడు నా మణికట్టు మీద ఏదో తగిలింది.

ద్వాళి మూడు వేళ్లు... మేము నాడి చూసే చోటే ఆనించి ఉన్నాయి. ఆమె పెదవులు లెక్కపెడుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. కొంతసేపటికి ఆగిపోయాయి.

ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.