తగ్గని సిగ్నల్

సాంబమూర్తి శవం టవర్ కింద బోర్లా పడి ఉంది. నడుముకు సేఫ్టీ బెల్టు ఉంది. దాని కొక్కెం తెరుచుకునే ఉంది.

బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఉందా టవర్. ఇన్‌స్పెక్టర్ రోజారాణి వచ్చేసరికి మధ్యాహ్నం 12.40.

"ఎప్పుడు చూసినవ్?" వాచ్‌మన్ దూలయ్యను అడిగింది.

"పదకొండు ఇరవైకి మేడం. నీళ్లకు పోయొచ్చి చూస్తే గిట్ల పడున్నడు."

"వెంట ఎవరొచ్చిండ్రు?"

"ఎవరూ రాలె. ఒక్కడే జీపుల వచ్చిండు. పదిన్నరకు పైకెక్కిండు."

"వాన పడ్డదా?"

"లేదు. పొద్దుగాల్నుంచి ఎండనే."

కంపెనీ ఇంజినీర్ రవికుమార్ ఖమ్మం నుంచి రేడియో లాగ్ ప్రింటు తెచ్చాడు.

"యాక్సిడెంటే మేడం. 9.52కు ఈ టవర్ నుంచి పక్క టవర్‌కు డేటా పోయే లింకు స్పీడ్ పడిపోయింది. టవర్లెక్కే దస్రు సెలవుల ఉన్నడు. సాంబమూర్తి మా సూపర్‌వైజర్, ఒకప్పుడు టవర్లెక్కిన మనిషే; పొద్దుగాల్నే పక్క టవర్లు చూడనీకి ఇటే వచ్చిండు. డిష్ సరిచెయ్యనీకి తనే ఎక్కిండు. 11.07కు స్పీడ్ మళ్లొచ్చింది. దిగేటప్పుడు జారిండు."

రోజారాణి మరో టెక్నీషియన్‌ను పైకి పంపి ఫొటోలు తీయించింది. డిష్ బోల్టుల మీద పాత పెయింటు చెక్కుచెదరలేదు. వాటికి స్పానర్ తగలనే లేదు.

మర్నాడు ఉదయం పది గంటలు. ఖమ్మంలో కంపెనీ కంట్రోల్ రూమ్.

ఆమె ముందు ముగ్గురున్నారు. రవికుమార్, దస్రు, స్క్రీన్ ముందు కూర్చుని లింకులు చూసుకునే సోని.

రెండేళ్ల కింద అదే టవర్ మీంచి కోటేష్ పడి చనిపోయాడు. సోనికి అన్న. దస్రుతో కలిసి టవర్లెక్కే జోడీ. 'తాగి ఎక్కాడు, బెల్టు ఫిట్' అని రిపోర్టు రాసింది సాంబమూర్తి.

"నిన్న ఎక్కడున్నవ్ దస్రూ?"

"జూలూరుపాడుల. పత్తికి మందు కొట్టిన. తండా అంత చూసింది."

"ఆయన మీద కోపం లేదా?"

"ఉంది. చచ్చిండంటే ఏడ్వలె. కానీ నేను చంపలె."

ఆమె రవికుమార్ వైపు తిరిగింది.

"లింకు స్పీడ్ ఎట్ల తగ్గుతది?"

"మాడ్యులేషన్ దిగితే మేడం. అంటే సిగ్నల్ మీద డేటా ఎక్కించే పద్ధతి. సిగ్నల్ బాగుంటే ఒక్కో సంకేతం మీద ఎనిమిది బిట్లు పోతయ్. బలహీనమైతే తప్పులు రాకుండ రేడియో తనంతట తనే రెండు బిట్లకు దిగుతది."

"అంటే ముందు సిగ్నల్ తగ్గాలె."

"అవ్."

"ఎంత తగ్గిందో చదవండి."

రవికుమార్ ప్రింటు మీద వేలు పెట్టాడు. 9.51కి మైనస్ 41. 9.52కి మైనస్ 41. 11.07కీ అంతే. వేలు అక్కడే ఆగిపోయింది.

"వాన లేదు. డిష్ కదలలె. సిగ్నల్ తగ్గలె. మాడ్యులేషన్ ఒక్కటే దిగింది," అంది రోజారాణి. "బోల్టు ముట్టకుండనే మళ్ల ఎక్కింది. ఏందిది?"

"ఇక్కడి నుంచి ఎవరో తక్కువ స్పీడుకు లాక్ చేసి, మళ్ల తీసేసిండ్రు," అన్నాడతను మెల్లగా.

"శవాన్ని దూలయ్య చూసింది 11.20కి. ఆయన పని అయిపోయిందని 11.07కే ఈ గదిలో ఎవరికి తెలుసు?"

సోని హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు. నాతోని ఫోన్ల ఉన్నడు. పడ్డ సప్పుడు విన్న."

"బెల్టు?"

"మా అన్నదే. కొక్కెం పట్టుకుంటలేదని అన్న మూడుసార్లు చెప్పిండు. దానికే ఈయన ఫిట్ అని సంతకం పెట్టిండు. అన్న సామానుతోని ఇంటికొస్తే రెండేండ్లు దాచిన. నిన్న పొద్దున ఈయన బయలెల్లకముందే ఈయన సంచిల పెట్టిన. టవర్లెక్కేటోళ్లకెన్నడూ బెల్టు చూసుకునే టైమ్ ఇయ్యని మనిషి, తనూ చూసుకోలె."

దస్రు తల వంచుకున్నాడు.

"పైకెక్కినంక అడిగిన, కోటేష్ ఎట్ల పడ్డడు సార్ అని. ఏ కోటేష్ అన్నడు. డిష్ వెనకకు వంగి చూడమన్న. వంగిండు."

రోజారాణి ఆమెను జీపు దాకా నడిపించుకొచ్చింది. ఎక్కబోతూ సోని ఆగింది.

"మా అన్న తాగలేదని ఇప్పుడన్న రాస్తరా మేడం?"

కోటేష్ ఫైలు రోజారాణి తెల్లవారుజామునే తిరగేసింది. అందులో రక్తపరీక్ష కాగితం లేదు. పరీక్షే చేయించలేదు. కేసు మూసేసిన సంతకం తన స్టేషన్‌దే.

"రాస్త," అంది. "ఆ కేసు గూడ మళ్ల తెరుస్త."

"జల్దీ తెరవండి," అంది సోని. "మా అమ్మ బతికుండంగనే."