పనసచెక్క తలుపు మీద నాలుగు వేళ్ళు

నేను తలుపు కొట్టాను. లోపలి నుంచి ఒక ముసలి గొంతు, "కియెన్? నువ్వేనా నాయనా?" అంది.

"కాదండీ. థువాన్‌ని. తలుపు పాలిష్‌కి వచ్చాను."

సన్నటి ముసురులో నేను తడుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఒక రెక్క కొద్దిగా తెరుచుకుంది. మెడలో కొలతల టేపు వేసుకున్న అమ్మాయి తల బయటికి పెట్టి, కళ్ళెర్రజేసి చూసింది.

"ఈ ఇంటి తలుపు కొట్టొద్దు, వచ్చాక ఫోన్ చెయ్యమని మెసేజ్ పెట్టానా లేదా?"

"బండి మీద ఉన్నానండీ, చూళ్ళేదు."

"పాలిష్ చేసేవాళ్ళకి తలుపు ఎందుకు కొట్టకూడదో కూడా చెప్పాలా?"

"కొడితేనే కదండీ తెలిసేది, చెక్క లోపల గట్టిగా ఉందో పుచ్చిందో!"

ఆమె నవ్వు ఆపుకోబోయింది, కుదరలేదు. దాంతో నా పని అయిపోయింది. తలుపు పని ఇంకా మొదలే కాలేదు.

ఆమె పేరు లామ్. మా ఊరు హోయ్ ఆన్‌లో, నది ఒడ్డు వీధిలోని దర్జీ షాపులో పని చేస్తుంది. "నీ కుడి భుజం ఎడమ దానికంటే కిందకుంది, తెలుసా?" అంది రెండో రోజుకే. మర్నాటి నుంచి నేను అద్దం ముందు భుజాలు సరిచేసుకుని మరీ పనికి వెళ్ళేవాణ్ని.

లోపల్నించి పలికిన గొంతు ఆమె నాన్నమ్మది. మనిషి పిడికెడంత ఉంటుంది, తమలపాకులు నమిలి నమిలి పెదాలు ఎర్రబడిపోయాయి. వీధి గదిలో తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడు చూసినా ఆ కుర్చీలోనే.

ఆ ఏడు వచ్చిన వరద నీళ్ళు తలుపు సగం దాకా నిలిచి, తర్వాత తీశాయి. పాత పాలిష్ పొలుసులుగా లేచిపోయింది, కింది చెక్కంతా నల్లబడింది. రెండు రెక్కలూ పనసచెక్కవే. ఈ ఏడు స్టెయిన్ రంగు పట్టించకపోతే వచ్చే వరదకి మిగలవు.

"రంగు మారకూడదు," అంది ముసలావిడ మొదటి రోజే. "మావాడు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. లేకపోతే ఇల్లు గుర్తుపట్టలేడు."

"అలాగే బామ్మగారూ."

నేను నిచ్చెనెక్కి సంచిలోంచి ఎర్రగుడ్డ తీశాను. మా ఊరి తలుపులకి కళ్ళుంటాయి. గుమ్మం పైన పళ్ళెమంత చెక్క కళ్ళు రెండు. అవి ఇంటికొచ్చేవాళ్ళని కనిపెట్టుకుని ఉంటాయి. దిక్కులేని ఆత్మల్ని గడప దాటనివ్వవు. తలుపు పని జరిగినన్నాళ్ళూ వాటికి గుడ్డ కట్టడం మా పనివాళ్ళ అలవాటు.

"దిగు!" అని అరిచింది ముసలావిడ. "వాటి కళ్ళకి గంతలు కడితే మావాడొచ్చేది ఎవరు చూస్తారు?"

లామ్ తల దించుకుంది. నేను గుడ్డ సంచిలో పెట్టేసి దిగాను.

ఉప్పుకాగితంతో రుద్ది, పాత పాలిష్ మొత్తం తీసి, మొదటి కోటు స్టెయిన్ పెట్టాను. పెయింటు చెక్క పైన కూర్చుంటుంది, స్టెయిన్ అలా కాదు, లోపలికి ఇంకుతుంది. అందుకే చెక్క దాచుకున్నవన్నీ బయటపెడుతుంది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే బయటి వైపు, నా భుజం ఎత్తులో, అరచేయంత మేర స్టెయిన్ పట్టలేదు. తెల్లగా అరచెయ్యి, పైన బొటనవేలు, మూడు వేళ్ళు. చిటికెన వేలు లేదు.

"లామ్, ఇలా రా. నీ చెయ్యేనా ఇది?"

ఆమె చేతిలో కాఫీ గ్లాసు ఉంది. మచ్చని చూసి ఆ గ్లాసుని మెల్లగా కింద పెట్టింది.

"మా నాన్న కియెన్‌ది," అంది. "చేపల పడవ మీద పనిచేసేటప్పుడు వలతాడు చుట్టుకుని చిటికెన వేలు తెగిపోయింది."

నా భయం బయటపడకుండా పెద్ద మేస్త్రీలా మాట్లాడాను. "చేపల జిడ్డయి ఉంటుందిలే. ఏళ్ళ తరబడి ఆ చేత్తోనే తోసి ఉంటారు. జిడ్డున్నచోట స్టెయిన్ పట్టదు. థిన్నర్‌తో కడిగి, రుద్ది, మళ్ళీ పెడితే పోతుంది."

కడిగాను. రుద్దాను. మళ్ళీ పెట్టాను. మూడో నాటికి అదే చోట, అదే చెయ్యి.

మామూలుగా ఇది నాలుగు రోజుల పని. ముసురుకి స్టెయిన్ ఆరక ఇరవై రోజులు పట్టింది. ఆ ముసురు చల్లగా ఉండాలి! రోజూ సాయంత్రం లామ్ షాపు నుంచి వస్తూ అల్లం పాకం పోసిన సోయా జున్ను రెండు గిన్నెలు తెచ్చేది. ఇద్దరం గడప మీద కూర్చుని తినేవాళ్ళం.

"ఎప్పటికి అవుతుంది మేస్త్రీ?"

"వాన తగ్గాలి."

"నిన్న తగ్గిందిగా?"

"నిన్న నా భుజం నొప్పి."

"కిందకున్నదా, పైకున్నదా?"

ఇలా నవ్వుకుంటూ ఉంటే వెనకనుంచి ముసలావిడ చూపు మా వీపుల మధ్యలోంచి వీధిలోకి వెళ్ళేది. మేం అక్కడ లేనట్టే. ఒక్కోసారి ఉన్నట్టుండి, "అదుగో, చెప్పుల చప్పుడు," అనేది. వీధిలో ఎవరూ ఉండేవారు కాదు.

నాలుగోసారి తేలినప్పుడు ఆ చేతి మచ్చ తడిగా ఉంది. వాన జల్లు అంత లోపలికి కొట్టదు. వేలితో తుడిచి నాలుకకి రాసుకున్నాను. ఉప్పగా ఉంది. లామ్‌కి చెప్పలేదు.

ఆ సాయంత్రమే ధైర్యం చేశాను. "లామ్, వచ్చే ఆదివారం మా అమ్మని తీసుకొస్తాను. సంబంధం మాట్లాడ్డానికి."

ఆమె చెంచా ఆగిపోయింది. "ఎవర్ని అడుగుతారు?"

"అంటే?"

"నాన్న బతికుంటే నాన్నని అడగాలి. పోతే పూజపీఠం మీద ఫొటోకి దణ్ణం పెట్టి అడగాలి. అంతేగా? మా నాన్న ఇంట్లో లేడు, పీఠం మీదా లేడు." చెంచా గిన్నెలో పడేసింది. "పదకొండేళ్ళయింది, పడవ తుఫానులో పోయి. ఆ పడవలో పోయిన మిగతావాళ్ళందరికీ, శవాలు దొరకలేదని మట్టిబొమ్మలు చేసి, పేరు పెట్టి పిలిచి సమాధి కట్టారు. నాన్నమ్మ ఒప్పుకోలేదు. బతికున్నవాడికి సమాధేంటంది. అమ్మ అంతకుముందే పోయింది. ఈవిడని వదిలి నేనెక్కడికి పోను? నీకంటే ముందు ఇద్దరడిగారు థువాన్. వాళ్ళకి పెళ్ళిళ్ళై పిల్లలు కూడా పుట్టారు."

నా గిన్నె కూడా కింద పెట్టేశాను.

"ఒక్క పని చేస్తావా?" అంది. "ఆ తలుపు మీద నల్ల పెయింట్ కొట్టెయ్. చెయ్యీ వద్దు, రంగూ వద్దు. నేను అలిసిపోయాను."

కొడితే ఒక్క పూటలో తేలిపోయే పని. ఆ అమ్మాయి కోసం నేను నదినైనా నల్లగా చేసేవాణ్ని. కానీ నోట్లో ఇంకా ఆ ఉప్పు రుచి ఉంది.

"పెయింట్ కొడితే కనపడదంతే. పోదు లామ్."

"ఓహో! నువ్వూ తలుపు పక్షమేనన్నమాట!" గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ నేను తిన్న తిండి వంటబట్టలేదు.

నాలుగో రోజు తెల్లారేసరికి ఎండ కాసింది. లామ్ పొద్దున్నే షాపుకి వెళ్ళిపోయింది. ముసలావిడ ఎండ పొడకి కుర్చీలోనే కునికిపాట్లు పడుతోంది. చివరి కోటు, రెండు వైపులా. పై చట్రం దాకా బ్రష్ వెళ్ళాలి, కళ్ళ మీద చుక్కలు పడతాయి. నిజం చెప్పాలంటే చుక్కల సంగతి తర్వాత, ఆ కళ్ళు నన్ను చూస్తుంటే పని సాగడం లేదు. ఆవిడ నిద్ర చూసుకుని నిచ్చెనెక్కాను. ఎర్రగుడ్డతో రెండు కళ్ళూ కట్టేశాను. రెక్కలు బార్లా తెరిచి కోటు పూర్తిచేసి, బ్రష్షులు కడగడానికి పెరట్లోకి వెళ్ళాను.

మధ్యాహ్నానికల్లా ఆరిపోయింది. బయటి వైపు మచ్చ లేదు. ఒక్క గీత కూడా లేదు. టీ డికాక్షన్ రంగులో చెక్క నిగనిగలాడుతోంది.

అన్నం వేళకి లామ్ వచ్చింది. వీధిలో నిలబడి తలుపుని పైనుంచి కిందికి చూసింది.

"పోయింది కదూ?" అంది. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"పోయింది."

ఆమె లోపలికొచ్చి రెక్కలు దగ్గరికి వేసింది. వేసి అలాగే నిలబడిపోయింది.

"థువాన్... ఇటు రా."

లోపలి వైపు, అదే ఎత్తులో, అదే చెయ్యి. నాలుగు వేళ్ళు. పొద్దున ఆ చెక్క మీద నా చేతులతో స్టెయిన్ పట్టించాను, ఎక్కడా వదల్లేదు. గడప ఇవతల ఇటుకల మీద తడి ఉంది. బయట వీధి ఎండకి పొడిగా కాలుతోంది.

లామ్ నా చొక్కా పట్టుకుంది. నేను తలుపు చట్రం పట్టుకున్నాను.

కుర్చీ కిర్రుమంది. ముసలావిడ లేచి, గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతిని చూసింది. రెక్క తెరిచి, పైకి చూసింది. ఎర్రగుడ్డ.

"ఎప్పుడు కట్టావు?"

"పొద్దున బామ్మగారూ. తప్పయిపోయింది..."

ఆవిడ నా మాట వినలేదు. "ఆ కళ్ళు ఎవర్ని రానివ్వవే?" అని మనవరాలిని అడిగింది.

లామ్ ఎర్రగుడ్డ వైపు చూసింది. "దిక్కులేని... పోయినవాళ్ళని, నాన్నమ్మా."

ముసలావిడ గడప మీద కూలబడింది. "పదకొండేళ్ళు! వాడు రోజూ వచ్చి తోస్తున్నాడు. కళ్ళు మూయొద్దని కాపలా కూర్చుంది నేను. నా చేతులతో నేనే నా కొడుకుని వానలో నిలబెట్టాను కదే!"

లామ్ ఆవిడని కావలించుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు?

కాసేపటికి ఆవిడ లేచి, లోపలి వైపున్న అచ్చు మీద తన అరచెయ్యి ఆనించింది. అందులో ఆవిడ చెయ్యి పసిపిల్లదిలా ఉంది. "లోపలికొచ్చాక తలుపు వెయ్యబోయాడు చూడు," అంది. "చిన్నప్పుడు వెయ్యమంటే వేసేవాడు కాదు."

తర్వాత గదిలోకి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఒక ఫొటో తెచ్చింది. చొక్కా అంచుతో తుడిచి పూజపీఠం మీద లామ్ తాతగారి ఫొటో పక్కన పెట్టింది. "వచ్చే నెల మట్టిబొమ్మ చేయిద్దాం," అంది, గట్టిగా. అగరొత్తులు వెలిగించి, వాటిలో మూడు తీసి నా వైపు చాపింది.

"ఏంటలా నిలబడ్డావు? నాలుగు రోజుల పని ఇరవై రోజులు చేశావు. ఎందుకో నాకు తెలీదనుకున్నావా? వాడు ఇంట్లోనే ఉన్నాడు. అడుగు."

నా చేతులకి ఇంకా స్టెయిన్ ఉంది. ఫొటోలో మనిషి ఎండకి కళ్ళు చికిలించి నన్నే చూస్తున్నాడు. మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాను.

"అయ్యా, నా పేరు థువాన్. మీ అమ్మాయి లామ్‌ని నాకిచ్చి పెళ్ళి..." అని నేలకేసి చూస్తూ గొణిగాను.

లామ్ కళ్ళు తుడుచుకుంటూ మోచేత్తో పొడిచింది.

"గట్టిగా చెప్పు. పడవ ఇంజన్ పక్కన కూర్చుని కూర్చుని నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు."

ఈసారి వీధి చివరి దాకా వినపడేలా అడిగాను.